వాన ఆగాక కారుతున్న శ్లాబు. కోటింగ్ వేయించినా తగ్గట్లేదు, దారి చెప్పండి

శ్లాబు_బాధితుడు:
అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచి వీడియోలు చూసీ చూసీ, ఇక్కడి పాత పోస్టులన్నీ తిరగేసీ బుర్ర వేడెక్కిపోయింది. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. మా బెడ్‌రూమ్ సీలింగు కారుతోంది. పక్కనా మూలా కాదు, సరిగ్గా నడిమధ్యలో ఫ్యాను దగ్గర. పోయిన ఎండాకాలమే డాబా మొత్తానికి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం. మంచి కంపెనీ సరుకే. ఇంక డాబా వంక చూడక్కర్లేదన్నాడు మేస్త్రీ. తొలి వానకే కారింది. పిలిస్తే వచ్చి, ఫ్యానుకి సరిగ్గా పైన పడే చోట ఇంకో పూత పూసి పోయాడు. మళ్ళీ కారింది. ఇప్పుడు ఫోను ఎత్తట్లేదు. మంచం గోడకి జరిపి బకెట్ పెట్టుకున్నాం. నాకు పాఠాలు వద్దు, ఏ కోటింగ్ కొనాలో ఒక్క పేరు చెప్పండి చాలు. ఈ వారంలో పని అయిపోవాలి.

ముక్తసరి:
ఫోటో.

శ్లాబు_బాధితుడు:
పెట్టాను చూడండి. ఫ్యాను చుట్టూ పసుపు మరక కనబడుతోంది కదా.

ముక్తసరి:
పైది. కిందది కాదు.

తెల్లపూత:
అన్నా, మీరు వేయించిన కోటింగ్ ఏ రంగు? ఇది చాలా ముఖ్యం. ఎవరూ పట్టించుకోరు. ఎండకి శ్లాబు సాగుతుంది, రాత్రికి కుదించుకుంటుంది. లెక్క చెబుతాను వినండి. పది మీటర్ల కాంక్రీటుకి 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 3 మిల్లీమీటర్ల కదలిక. ఆ కదలిక రోజూ జరుగుతుంది. అప్పుడు ఏ పూతైనా పగలక చస్తుందా? అదే తెల్లటి రిఫ్లెక్టివ్ పూతైతే ఎండని తిప్పికొడుతుంది, శ్లాబు అంతగా కాగదు, కదలిక తగ్గుతుంది, కింద గదిలో వేడీ తగ్గుతుంది. ముదురు రంగు వేశారంటే మీరే పొయ్యి రాజేసుకున్నట్టు. ముందు తెలుపు వేయించండి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

శ్లాబు_బాధితుడు:
గ్రే కలర్. ఇంట్లో వేడి గురించి కాదండీ నేనడిగింది. నీళ్ళ గురించి.

తాపీగా:
బాబూ, ముందు ఒక పని చెయ్యండి. ఆ ఫ్యాను వైరింగుకి వెళ్ళే ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్చు) ఆపెయ్యండి. ఫ్యాను దగ్గర నీళ్ళు పడుతున్నాయంటే కరెంటు పైపులోంచి వస్తున్నాయనే ఎక్కువ అనుమానం. శ్లాబు పోసేటప్పుడే ఆ పైపులు కాంక్రీటులో వేసేస్తారు. ఎక్కడో దూరంగా శ్లాబులోకి దిగిన నీరు పైపు జాయింటు దొరికితే లోపలికి దూరి, పైపు వెంబడే నడుచుకుంటూ వచ్చి ఫ్యాను బాక్సు దగ్గర బయటపడుతుంది. బయటికి రావడానికి దానికి దొరికిన కన్నం అదే. కాబట్టి ఫ్యానుకి నెత్తిమీద ఎన్ని పూతలు పూసినా ఫలితం ఉండదు.

ఇప్పుడు ఇవి చెప్పండి. వాన పడుతుండగానే కారుతుందా, ఆగాకా? ఆగాక అయితే ఎంతసేపటికి మొదలవుతుంది, ఎంతకాలం సాగుతుంది? వాన లేని రోజుల్లో ఎప్పుడైనా పడిందా? ట్యాంకు ఎక్కడుంది? డాబా మీద పైన ఏముంది, ఉత్త గచ్చా, పెంకులా, టైల్సా? పిట్టగోడ ఎంత ఎత్తు, కోటింగ్ గోడ మీదకి ఎంతవరకు ఎక్కించారు? నీళ్ళు పోయే పైపు మూతి దగ్గర ఎలా ఉంది?

శ్లాబు_బాధితుడు:
ఇన్ని ప్రశ్నలా! సరే. వాన పడుతున్నప్పుడు చుక్క రాదు. ఆగిన మర్నాడు మొదలవుతుంది, ఎండ కాసినా రెండు మూడు రోజులు బొట్లు పడుతూనే ఉంటాయి. వాన లేని రోజుల్లో ఎప్పుడూ లేదు. ట్యాంకు అటువైపు మెట్ల గది మీద ఉంది, దూరం. డాబా మీద టైల్స్ ఉన్నాయి, ఇల్లు కట్టినప్పుడే వేయించాం, మామూలే కదా. కోటింగ్ వాటి మీదే వేశారు. గోడకి జానెడు ఎత్తు పూశారు.

ముక్తసరి:
టైల్స్ మీదా?

శ్లాబు_బాధితుడు:
మరి ఎక్కడ వేస్తారండీ? టైల్స్ కిందకి ఎలా వెళ్తారు?

ముక్తసరి:
అదే.

బరువు_లెక్క:
ఇప్పుడు కథ అర్థమైంది. టైలు నీటిని ఆపదు, జాయింట్లు అసలే ఆపవు. టైలు కింద మాలు బెడ్డు, అంటే సిమెంటూ ఇసుకా కలిపి పరిచిన పొర ఉంటుంది, అది స్పాంజిలాంటిది. ఎక్కడో ఓ చోట నీరు లోపలికి దిగుతోంది, బెడ్డు అంతా తాగి నిండుతోంది, నిండాక శ్లాబులో పగులు దొరికిన చోట మెల్లగా దిగుతోంది. అందుకే వాన ఆగిన మర్నాడు మొదలై రోజుల తరబడి సాగుతోంది. నేరుగా కన్నమైతే వానతో మొదలై వానతో ఆగిపోయేది. మీరు పైన వేయించిన కోటింగ్ వల్ల జరిగిందేమిటంటే, బెడ్డులో చేరిన నీరు ఎండకి పైకి ఆవిరయ్యే దారి కూడా మూసుకుపోయింది. మధ్యాహ్నం ఎండలో కోటింగ్ అక్కడక్కడా బుడగల్లా లేస్తోందా? గమనించండి.

ఇంకో మాట. ఎవరైనా వచ్చి "దీని మీదే ఇంకో మూడంగుళాలు మాలు పోసి కొత్త టైల్స్ వేసేద్దాం, పాతవి పగలగొట్టడం ఎందుకు" అంటే మాత్రం ఒప్పుకోకండి. 75 మిల్లీమీటర్ల మాలు అంటే చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. దానికి టైలు అదనం. అది తడిస్తే నీటి బరువు ఇంకా అదనం. శ్లాబు డిజైన్‌లో ఆ బరువుకి చోటుందో లేదో లెక్క చూడకుండా ఎక్కించకూడదు. పాత ఇళ్ళలో పొర మీద పొర వేసుకుంటూ పోయి, శ్లాబు నడుం వంగిపోయినవి కళ్ళారా చూశాను. మన జనానికి గోడ మీద రంగు పెచ్చు లేస్తే కనబడుతుంది గానీ నెత్తిమీద టన్నుల బరువు ఎక్కిస్తున్నా కనబడదు.

శ్లాబు_బాధితుడు:
బుడగలు ఉన్నాయి. పడమటి వైపు కాలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. అంటే మేస్త్రీ మోసం చేసినట్టేనా?

తెల్లపూత:
గ్రే వేస్తే బుడగలు రాక ఏం వస్తాయి. నేను మొదట్నుంచీ చెప్పేది అదే. లోపలి తేమ కాగి ఆవిరై పైకి తంతుంది. తెలుపైతే అంత కాగదు. ఇప్పటికైనా తెల్ల మెంబ్రేన్ వేయించండి, రోలర్‌తో మీరే వేసుకోవచ్చు.

బరువు_లెక్క:
రోలర్‌తో వేసేది మెంబ్రేన్ ఎలా అవుతుంది సార్? అది కోటింగ్. మెంబ్రేన్ అంటే చుట్టలుగా వచ్చే షీటు, టార్చితో కరిగించి అతికించేది, 3 లేక 4 మిల్లీమీటర్ల మందం.

తెల్లపూత:
లిక్విడ్ అప్లైడ్ మెంబ్రేన్ అని డబ్బా మీదే రాసి ఉంటుంది. చదువుకోండి. ఆరాక అతుకుల్లేని ఒకే పొరగా తయారవుతుంది, మీ షీటుకి ఎన్ని అతుకులో అన్ని అనుమానాలు.

బరువు_లెక్క:
డబ్బా మీద ఏమైనా రాస్తారు. మిల్లీమీటరు మందం రావాల్సిన చోట, సరుకు మిగుల్చుకోవడానికి నీళ్ళు కలిపి గోడకి సున్నం వేసినట్టు లాగించేస్తారు. అది పొర అవుతుందా, రంగు అవుతుందా? షీటు మందం ఫ్యాక్టరీలోనే ఖాయం.

తెల్లపూత:
పనివాడి తప్పుని సరుకు మీదకి తోస్తే ఎలా?

ముక్తసరి:
ఇద్దరూ వేరే పోస్టు పెట్టుకోండి.

పైఅంతస్తు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకూ సీలింగుకి చెమ్మ. కానీ మాది వానలతో సంబంధం లేదు, చలికాలం పొద్దున్నే ఎక్కువ, ఎండాకాలం మాయం. బాత్రూమ్ పక్క గది. ఇదీ శ్లాబు లీకేజీయేనా?

తాపీగా:
మీది వేరు అమ్మా. చల్లబడిన శ్లాబుకి గదిలోని తడిగాలి తగిలి నీరు పడుతున్నట్టుంది. ఓ పాలిథిన్ ముక్క తీసుకుని సీలింగుకి నాలుగు వైపులా టేపు వేసి అతికించి, ఓ రోజంతా ఉంచండి. సీలింగు ముక్కకి గది వైపు తడి పట్టి, లోపల శ్లాబుకి ఆనిన వైపు పొడిగా ఉంటే అది గాలిలోని తేమ. శ్లాబు వైపే తడి పట్టితే లోపల్నుంచి వస్తున్నట్టు. ముందు బాత్రూమ్‌లో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించుకోండి.

శ్లాబు గారూ, మేస్త్రీ మోసం చేశాడో తెలియక చేశాడో ఇప్పుడు తేలే పని కాదు. నీరు ఎక్కడ దిగుతోందో ముందు పట్టుకోండి. డాబాని భాగాలు చేసి పరీక్షించాలి. వాన లేని రోజులు చూసుకుని, కిందంతా ఆరిపోయాక మొదలుపెట్టండి. మాలుతోనో ఇసుక సంచులతోనో చిన్న గట్లు కట్టి, పల్లం వైపు భాగం ముందు, మెరక వైపుది చివర. మెరకన ముందు పోస్తే ఆ నీరే పల్లానికి దిగి మిమ్మల్ని తికమక పెడుతుంది. ఒక్కో భాగంలో రెండు అంగుళాలకి మించకుండా నీళ్ళు నిలిపి, కనీసం 24 గంటలు ఉంచండి. మీది ఆలస్యంగా కారే రకం కాబట్టి ఇంకో రోజు ఎక్కువే ఆగాలి. అంగుళం నీరంటే చదరపు మీటరుకి పాతిక కిలోలు, అందుకే డాబా మొత్తం ఒకేసారి నింపకండి. శ్లాబు వంగినట్టు గానీ, కింద పెచ్చులు ఊడి కమ్మీలు కనబడుతున్నట్టు గానీ ఉంటే అసలు ఈ పరీక్షే వద్దు, ఇంజినీరుని పిలవండి.

దానికంటే ముందు డబ్బు ఖర్చులేని పని ఒకటుంది. పిట్టగోడ అడుగు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. గోడకీ టైలుకీ మధ్య వెంట్రుక సందు ఉందా? కోటింగ్ గోడ మీద ఎక్కడ ఆగిందో ఆ అంచు లేచి పెదవిలా విచ్చుకుందా? గోడ మీద పడిన వాన కారుకుంటూ వచ్చి ఆ అంచు వెనక్కే దిగుతుంది. చాలా ఇళ్ళు కురిసేది శ్లాబు మధ్యలోంచి కాదు, అక్కడినుంచే. రెండోది, నీళ్ళు పోయే పైపు మూతి.

శ్లాబు_బాధితుడు:
పైపు దగ్గర జాలీ ఎత్తి ఓ టైలు తీయించి చూశాం. పైపు అంచు టైలు లెవల్లో ఉంది. దాని పక్కన, టైలు కింద, బొటనవేలు లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి! వాన పడి వారం కావస్తోంది. ఫోటో పెట్టాను. పిట్టగోడ పడమటి వైపు కోటింగ్ అంచు లేచిపోయింది, గోరు పెట్టి లాగితే పట్టీ పట్టీగా వచ్చేస్తోంది.

బరువు_లెక్క:
చూశారా. టైలు మీద నీళ్ళకి దారి ఉంది గానీ టైలు కింద నీళ్ళకి లేదు. శ్లాబు మట్టానికి పైపుకి తూము ఉండాలి. లేకపోతే మీ డాబా అడుగున ఓ చిన్న చెరువు.

శ్లాబు_బాధితుడు:
ఇప్పుడు ఏం చెయ్యమంటారు? మొత్తం పగలగొట్టాలా? ఆ అంచులకి సీలెంటు పెట్టి, పైపు చుట్టూ పూస్తే సరిపోదా? ఏ కోటింగో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

తాపీగా:
సీలెంటు పెడితే ఈ వానాకాలం గట్టెక్కచ్చు. పిట్టగోడ అంచు గీరి, ఆరబెట్టి, సందులో సాగే సీలెంటు నింపి, పైన ఫైబర్ గుడ్డ పరిచి పూత వెయ్యండి. పైపు చుట్టూ రెండు వరసల టైల్స్ తీసి, బెడ్డు తవ్వి, శ్లాబు మట్టంలో పైపుకి కన్నాలు పెట్టి లోపలి నీటిని దించెయ్యండి. ఇది తాత్కాలికం అని మాత్రం మనసులో పెట్టుకోండి.

శాశ్వతంగా కావాలంటే టైల్స్, బెడ్డు లేపేసి శ్లాబు దాకా వెళ్ళాలి. కడిగి బాగా ఆరనివ్వాలి, పగుళ్ళు ఉలితో కాస్త వెడల్పు చేసి నింపాలి, పిట్టగోడ మూల పదును పోయేలా మాలుతో గుండ్రంగా తీర్చాలి. మూల నిటారుగా ఉంటే ఏ పొరైనా అక్కడే మడతపడి చిరుగుతుంది. తర్వాత వాటర్‌ప్రూఫ్ పొర. అది పూసేదైనా పరిచేదైనా గోడ మీదకి కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కాలి, పై అంచు గోడలో గాడి కొట్టి అందులోకి దించి మూసెయ్యాలి, ఇటు పైపు నోటి లోపలికీ దిగాలి. టైలు వెయ్యకముందే నీళ్ళు నిలిపి పరీక్షించండి. ఈ ఒక్క దగ్గర మేస్త్రీలు తొందరపెడతారు, లొంగకండి. ఆ పైన వాటం. మీటరుకి సెంటీమీటరు పల్లం, అంటే ఐదు మీటర్ల దూరంలో ఐదు సెంటీమీటర్లు దిగాలి. కళ్ళతో చూసి సరే అనకండి, దారం కట్టించి కొలవండి.

కింద సీలింగుకి ఇప్పుడే పుట్టీ, రంగు వెయ్యకండి. చిన్న సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగిన చోట లోపల కమ్మీ తుప్పు పట్టి ఉబ్బుతున్నట్టు. ఆ పెచ్చు రాల్చి, తుప్పు గీకి, కమ్మీకి పూత వేసి మాలు పెట్టాలి. తుప్పు ఇనుముకి రెండింతలకి పైగా చోటు కావాలంటుంది, పైన రంగేస్తే ఆగదు.

తెల్లపూత:
అన్నీ అయ్యాక టైల్స్ తెల్లవి వేయించండి.

ముక్తసరి:
ఇది ఒప్పుకుంటా.

శ్లాబు_బాధితుడు:
సరే, ఇప్పటికి పైపు పని, అంచుల పని చేయిస్తున్నా. పగలగొట్టడం ఎండాకాలంలో చూద్దాం. థాంక్స్ అందరికీ.

పైఅంతస్తు:
తాపీగా గారూ, పాలిథిన్ రెండు వైపులా తడిసింది. ఇప్పుడేంటి?