సంక్రాంతి స్పెషల్ రైలు రేకు (పెట్టెల వరుస): బరంపురం నుంచి ఖాళీగా పంపడమా, జనంతోనా?

రైల్వే ఆపరేటింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. పండక్కి ముందు సికింద్రాబాద్ నుంచి బరంపురానికి రాత్రి స్పెషల్ వేస్తే కిక్కిరిసి వస్తుంది, తిరుగు దారిలో జనం ఉండరు. 22 ఎల్‌హెచ్‌బీ (కొత్త తరం) పెట్టెల రేకును ఖాళీగా పంపితే, విశాఖ స్టేషన్‌కు వెళ్లకుండా సింహాచలం నార్త్–దువ్వాడ బైపాస్ మీదుగా తేలిగ్గా దాటిపోవచ్చు. జనం కోసం నడిపితే విశాఖకు వెళ్లాల్సి రావచ్చు. అక్కడ ఇంజన్ ఈ చివర విప్పి ఆ చివర తగిలించాలి, గొట్టాలు కలపాలి, బ్రేక్ పైపులో 5, ఫీడ్ పైపులో 6 కిలోల ఒత్తిడి నిలిచిందో లేదో చూడాలి. పైగా నీళ్లు నింపడం, ఊడ్పు.

అలాగని ఖాళీ రేకుకు లోకో పైలట్, గార్డు, కరెంటు తప్పుతాయా? టికెట్ డబ్బే తప్పుతుంది! పలాస, విజయనగరం మీదుగా పగటిపూట అన్‌రిజర్వ్‌డ్‌గా నడిపితే సికింద్రాబాద్‌లో పిట్ లైన్ (రేకును తనిఖీ చేసి, బాగుచేసే పట్టాలు) టైముకు అందుతుందా? అక్కడ ఆలస్యమైతే ఆ రాత్రి బండికే ఎసరు. రోజూ నడపాలంటే రెండు రేకులు చాలా, మూడోది కావాలా?