చిక్కుపడ్డ పసిపిల్లలకు వెంటనే చెయ్యందించాలా, కాసేపు ఆగాలా?

కాలువగట్టు (అమలాపురం దగ్గర):
మా అమ్మాయికి నాలుగున్నర ఏళ్లు, ఎల్‌కేజీ చదువుతోంది. మొన్న మధ్యాహ్నం నేను బడికి వెళ్లేసరికి టిఫిన్ డబ్బా మూత రాక ఏడుపు మొహంతో అవస్థ పడుతోంది. టీచరు గారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారే గాని తీసి పెట్టలేదు. "కాసేపు ఆగండి, తనే తీసుకుంటుంది" అన్నారు. చివరికి పాప తీసుకున్న మాట నిజమే గాని, ఆకలి మీదున్న పిల్లను అలా వదిలేయడం నాకు సబబుగా తోచలేదు. పైగా మా ఇంటి ముందే పంట కాలువ. "నీ దారి నువ్వే వెతుక్కో" అని ఈ వయసులో అలవాటు చేస్తే, రేపు నీళ్లలోకీ అదే ధైర్యంతో దిగదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వరిచేను (భీమవరం):
కాలువగట్టు గారి మాటే నా మాట. మా అబ్బాయి తరగతిలో ముప్పై ఐదు మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉన్నారు. ఒక్కొక్కరి దగ్గర ఐదేసి నిమిషాలు ఆగితే అన్నాల వేళకే మూడు గంటలు పడుతుంది. ఒకటో తరగతికి వచ్చేసరికి గుణింతాలు రాలేదంటే మనల్నే పిలిచి అడుగుతారు. చేసి చూపిస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారు. మనమంతా అలాగే నేర్చుకున్నాం.

పాత పంతులమ్మ (రాజోలు):
వరిచేను గారూ, చూసి నేర్చుకోవడాన్ని నేను తక్కువ చేయను. అయితే చూపించడం వేరు, పిల్లవాడి చేతిలోంచి తీసుకుని చేసిపెట్టడం వేరు. ఇరవై ఏళ్లకు పైగా చిన్నపిల్లల తరగతి నడిపిన నేను మొదటి ఐదారేళ్లు రెండోదే చేశాను, అదే ప్రేమ అనుకున్నాను. బలపం విరిగినా నా వైపు చేతులు చాపే పిల్లలు తయారయ్యారు.

1907లో రోమ్‌లో పిల్లల బడి తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి, పది గుంటలున్న చెక్కదిమ్మెలో పది చెక్కబిళ్లలు అమర్చే పని పిల్లలకు ఇచ్చేవారు. ఒక సన్న బిళ్ల పెద్ద గుంటలో పడితే చివరికి ఏదో ఒక బిళ్లకు చోటు దొరకదు. తప్పు జరిగిందని టీచరు చెప్పనక్కర లేదు, ఆ దిమ్మే చెబుతుంది.

మన ఊళ్లలో ఆ పని ముంజకాయల బండి చేస్తుంది. ఒక వేసవిలో ఐదేళ్ల పిల్లవాడు ముంజలు తీసేసిన రెండు బుర్రలకు పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోశాడు. పుల్ల మొన చెక్కి ఇచ్చింది నేనే, కత్తి పని పిల్లలది కాదు గనక. బండి రెండు బారలు వెళ్లి పక్కకు ఒరిగింది. కర్ర మార్చాడు, మళ్లీ ఒరిగింది. పుల్ల నడిమధ్యన గాక ఒక వారగా దిగిందని నాకు మొదటి చూపులోనే తెలిసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, వాడు విసిగి బండిని పారేయబోయినప్పుడు మాత్రం "ఏ చక్రం కుంటుతోందిరా?" అని అడిగాను. వాడు నేల మీద బోర్లా పడుకుని, బండిని చేత్తో మెల్లగా దొర్లించి, ఎడమ బుర్ర ఎగిరెగిరి పడటం చూశాడు. పుల్ల పీకి ఇంకో బెజ్జం పొడిచాడు. అదీ మధ్యలో పడలేదు. మూడో బెజ్జానికి బండి నడిచింది.

డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే పరిశోధకులు 1976లో ఇలాంటి సాయాన్నే ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాతో పోల్చారు. గోడ తనంతట తాను నిలిచే వరకే దాని అవసరం.

ముప్పై ఐదు మంది ఒక్క టీచరుకు ఎక్కువే, కాదనను. అందుకే నేను "ముందు పక్కనున్నవాళ్లను అడగండి, తర్వాత నన్ను" అనే పద్ధతి పెట్టాను, సగం పంచాయితీలు నా దాకా రావడం మానేశాయి. మీరన్న గుణింతాల గురించి కూడా ఒక మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, ఆటలకే పెద్దపీట వేసింది.

కాలువగట్టు గారూ, మీ భయం న్యాయమైనదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మన వాకిళ్ల ముందు నీళ్లు పారుతూనే ఉన్నాయి. నీరు, నిప్పు, కరెంటు, రోడ్డు పిల్లలు ప్రయత్నించి నేర్చుకునేవి కావు. అక్కడ పెద్దల ఆజ్ఞే చెల్లాలి. కాని రోజంతా ప్రతిదానికీ "వద్దు" అనే ఇంట్లో రేవు దగ్గర చెప్పిన "వద్దు" కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

వరిచేను (భీమవరం):
బండి ఉదాహరణ బాగుంది, అమ్మా. కాని ఆ పిల్లవాడి పక్కన మీరు ఒక్కరే కూర్చోగలిగారు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించకుండా ఈ ఓర్పును టీచర్ల నుంచి కోరడం అన్యాయమనే నేను ఇప్పటికీ అంటాను.

కాలువగట్టు (అమలాపురం దగ్గర):
పంతులమ్మ గారూ, మీది చదివాక ఆ డబ్బా మూత నేనే తీసి చూశాను. పెద్దదాన్ని, నాకే గోరు నొప్పి పుట్టింది. టీచరు గారు ఆగడం తప్పు కాదేమో గాని, పిల్ల బలానికి మించిన డబ్బా పంపింది నేను. క్లిప్పులున్న డబ్బా కొన్నాను. ఆదివారం ఆకలి లేని వేళ చూసి, ఖాళీ డబ్బాతో కూర్చోబెడతాను. చెయ్యి పెట్టకుండా ఎంతసేపు ఉండగలనో మళ్లీ వచ్చి రాస్తాను.