డాలస్‌లో 8 నెలలు: పాత మోటార్‌హోమ్ కొనొచ్చా?

అందరికీ నమస్కారం. డాలస్‌లో 8 నెలల ప్రాజెక్టు, మేమిద్దరమే. 2008 మోడల్ క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం ఉంచి వెనక ఇల్లు కట్టిన మోటార్‌హోమ్) చూశాం, 26 అడుగులు, ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టింది. 48 వేల మైళ్లే తిరిగింది. కొనేముందు ఏం చూడాలో చెప్పగలరా?

*

తమ్ముడూ, మైళ్లు చూసి మురిసిపోకు. అందులో ఉండే పది సిలిండర్ల వీ10 ఇంజన్ లక్ష మైళ్లు దాటినా లాగుతుంది. ఇలాంటి బండిని చంపేది నీళ్లు. డ్రైవర్ సీటు పైన పడక ఉంటుంది కదా, పరుపు ఎత్తి ముందు మూలలు రెండూ బొటనవేలితో నొక్కు. మెత్తగా దిగబడితే లోపల చెక్క కుళ్లిందన్నమాట, ఇక బేరమాడకు. కప్‌బోర్డుల లోపల మేకుల తుప్పు, గోధుమరంగు మరకలు వెతుకు. బయట గోడకు ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూడు. ఉబ్బు కనిపిస్తే ఫైబర్‌గ్లాస్ పొర ఊడింది. బాగు చేయించడం బండి ఖరీదుకు దగ్గరపడుతుంది. కప్పు మీద వెంట్‌ల చుట్టూ సీలెంట్ పగిలితే మాత్రం భయం లేదు, లోపలికి నీళ్లు దిగనంతవరకు అది ఒక సీలెంట్ ట్యూబు పూస్తే పోయేదే.

*

అన్న చెప్పింది నిజం. ఇంకొన్ని. మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి; ముందే వేడెక్కించి ఉంచితే స్టార్టింగ్ లోపాలు బయటపడవు. ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆన్ చేయించండి. గ్యాస్‌తో నడిచే ఆ రకం చల్లబడటానికి చాలా గంటలు తీసుకుంటుంది. అప్పటికప్పుడు పెడితే పాడైందో బాగుందో తెలియదు. వెనకాల పసుపు పొడి, అమోనియా వాసన ఉంటే కూలింగ్ యూనిట్ పోయినట్టే.

ట్యాంకులో నీళ్లు నింపి పంపు వేయండి, కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఆగిపోవాలి. మధ్యమధ్యలో టక్‌టక్‌మంటుంటే ఎక్కడో లీకుంది, లేదా పంపు వాల్వు పోయింది.

టైర్లు ఆరు. టైరు పక్కగోడ మీద DOT అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగంకెలు చూడాలి, తయారైన తేదీ అదే: 2316 అంటే 2016లో 23వ వారం. ఏడేళ్లు దాటితే అరుగుదల లేకపోయినా మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించుకోండి. వెనక లోపలి టైర్ల నంబరు చూడ్డానికి కిందికి దూరక తప్పదు.

*

వంట సంగతి ఎవరూ చెప్పలేదే! ఇలాంటి బండికి మామూలుగా ఉండేది 30 ఆంప్ కరెంటు కనెక్షన్, అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీకి దాదాపు 1500, ఇండక్షన్‌కు 1800. ఆపైన మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడుతుంది. ఎండాకాలం డాలస్‌లో ఏసీ ఆపలేరు కాబట్టి కుక్కర్ గ్యాస్ స్టవ్ మీదే పెట్టుకోండి. ఇండియా నుంచి గ్రైండర్ తేవద్దు, 110 వోల్టులది ఇక్కడే కొనుక్కోండి.

పోపు వేసే ముందు బయట గోడకున్న చిమ్నీ మూత గొళ్లెం తీయండి. ప్రయాణంలో మూత కొట్టుకోకుండా వేసే గొళ్లెం అది, వేసే ఉంటే ఫ్యాన్ ఎంత తిరిగినా పొగ లోపలే ఉంటుంది. గ్యాస్ అలారానికి గడువు తేదీ ఉంటుంది, వెనక చూడండి.

టాయిలెట్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి మిగతాది గుట్టగా గట్టిపడుతుంది. ఆ తర్వాతి పని నేను వర్ణించను.

*

వీటన్నిటికంటే ముందు బండి నిలుపుకుని ఉండబోయే ఆర్‌వీ పార్కుకు (ఇలాంటి బండ్లకు చోటు అద్దెకిచ్చే స్థలం) ఫోన్ చెయ్యండి. పదేళ్లు దాటిన బండ్లను కొన్నిచోట్ల రానివ్వరు. కొందరు ఫొటోలు చూసి ఒప్పుకుంటారు. మీది 2008. నెలవారీ అద్దెలో కరెంటు కలిసిందో లేదో అడగండి, చాలాచోట్ల మీటరు వేరే. ఇన్సూరెన్స్ వాళ్లకు అందులోనే కాపురముంటామని చెప్పి తగిన పాలసీ తీసుకోండి, సెలవుల్లో వాడే బండి పాలసీ చాలదు. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) అమ్మేవాడి పేరునే ఉందా, దానిమీద లోన్ ఉందా చూసుకోండి. వీసా మీద ఉంటే చిరునామా మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ల చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 ఆన్‌లైన్‌లో నింపాలి, పార్కులో మీ సైటు నంబరుతో సహా.