చిన్న కారుకు పొట్టి స్ప్రింగులు: మలుపుల్లో మేలా, చేటా?

నల్లమల దారి:
నాది 2012 నాటి స్విఫ్ట్ డీజిల్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు ఒకటి రెండు సార్లు హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లివస్తాను. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో బండి బాగా ఒరుగుతోంది. పైగా స్టీరింగు తిప్పినంతగా ముక్కు తిరగకుండా మలుపు బయటి అంచు వైపు జరిగిపోతోంది. ఒక దుకాణంలో 30 మి.మీ. దించే పొట్టి స్ప్రింగులు వేస్తే రెండూ పోతాయన్నారు. మా మెకానిక్ మాత్రం ఉన్న బండిని చెడగొట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

ట్రాక్ పిచ్చి:
నిస్సంకోచంగా వేయించండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఇదే తరం స్విఫ్ట్‌ను పొట్టి స్ప్రింగులతో నడిపాను. స్టీరింగు కదిలించిన మరుక్షణం బండి స్పందించింది, ఒరుగు సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. బరువు కిందికి దిగితే పట్టు పెరుగుతుందన్నది చిన్న పిల్లవాడికైనా తెలిసిన సంగతే.

స్ట్రట్టు లెక్కలు:
తెలిసిన సంగతే గానీ, ఎంత పెరుగుతుందో కూడా లెక్క వేయాలి కదా! మలుపులో లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు బదిలీ అయ్యే బరువు గురుత్వ కేంద్రం ఎత్తును బట్టి, రెండు చక్రాల మధ్య వెడల్పును బట్టి, మలుపు తిరిగే తీవ్రతను బట్టి ఉంటుంది. పొట్టి స్ప్రింగులు గట్టిగా కూడా ఉంటాయి, కానీ ఆ గట్టిదనం ఈ బదిలీని ముందు, వెనుక ఇరుసుల మధ్య పంచుతుందే తప్ప మొత్తాన్ని తగ్గించదు. గురుత్వ కేంద్రం 550 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 30 మి.మీ. దించినందుకు దక్కేది దాదాపు 5 శాతమే. బండి ఒరగనంత మాత్రాన పట్టు పెరిగినట్టు కాదు.

పోయేది ఇంకా ఉంది. స్విఫ్ట్ ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్టు, అంటే స్ప్రింగు, షాకు అబ్జార్బరు ఒకటిగా కలిసిన నిలువు అమరిక ఉంటుంది. బాడీని దించితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చేయి) చక్రం వైపు చివర పైకెత్తి వాలుతుంది, దానితో రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) గురుత్వ కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి పోతుంది. అంటే బండిని ఒరగదోసే మీట పొడవు పెరుగుతుందన్నమాట, స్ప్రింగు గట్టిదనంలో కొంత దానికే ఖర్చవుతుంది. ఆర్మ్ అలా వాలాక చక్రం పైకి లేచేకొద్దీ క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వంగే కోణం) కూడా కలిసిరాదు. అలా బయటి టైరు తన బయటి అంచు మీద నిలబడి అరుగుతుంది.

షాకుల సంగతి వేరే. స్ప్రింగు 30 శాతం గట్టిదైతే మునుపటి అదుపు నిలవడానికి డ్యాంపింగ్ (స్ప్రింగు ఊగును షాకు అణచే శక్తి) సుమారు 14 శాతం పెరగాలి. లక్ష కిలోమీటర్లు తిరిగిన పాత షాకులకు అంత శక్తి ఎక్కడిది?

ట్రాక్ పిచ్చి:
ఆ 5 శాతం లెక్క ఒప్పుకుంటాను. అయితే నడిపేవాడి నమ్మకాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. బండి ఆలస్యంగా ఒరిగి, ఆపైన కుదురుకుంటే ఎస్ ఆకారపు మలుపుల్లో ప్రతిసారీ చేయి సర్దుకోవలసి వస్తుంది. ముక్కు తిరగడం లేదన్నదే అసలు బాధ అయితే వెనుక చక్రాలను కలిపే టార్షన్ బీమ్‌కు, ఒరుగును అడ్డుకునే కడ్డీ అయిన యాంటీ రోల్ బార్ బిగించవచ్చు. బరువు బదిలీలో ఎక్కువ వాటా వెనక్కి పోతుంది కాబట్టి ముందు టైర్లు తెరిపిన పడతాయి.

స్ట్రట్టు లెక్కలు:
ఆ సూత్రంతో నాకు పేచీ లేదు. కానీ ఈఎస్‌పీ (బండి జారితే తానే సర్దే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లేని బండిలో, వానలో దిగుడు మలుపు మధ్య ఉలిక్కిపడి యాక్సిలరేటర్ వదిలేస్తే వెనుక భాగం ఎటు పోతుందో కూడా చెప్పండి. ట్రాక్ మీద పక్కన ఖాళీ స్థలం ఉంటుంది, నల్లమలలో ఉండేది లోయ.

పాత షెడ్డు:
మీ ఇద్దరి మాటల్లోనూ విషయం ఉంది. బండిని పైకెత్తి చూడకుండా మందు రాయడం మాత్రం నాకు నచ్చలేదు. ఈ వయసు బండి నా షెడ్డుకు వస్తే ముందుగా లోయర్ ఆర్మ్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు కీలు, అంటే వెనుక బుష్‌ను టార్చి వేసి చూస్తాను. రబ్బరు చీలి ఉంటే మలుపులో చక్రం తనంతట తానే దిశ మార్చుకుంటుంది, ఏ స్ప్రింగు వేసినా ఆ జబ్బు పోదు. తరువాత టైరు మీద అరచేతిని అడ్డంగా, ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నిమరాలి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపపు పళ్లలా తగిలితే టో (చక్రాలు ముందుకు చూసే దిశ) తప్పినట్టే. షాకు మీద నూనె తడికి దుమ్ము అట్టకట్టి ఉంటే అది అయిపోయినట్టు. మార్చేటప్పుడు జంటగానే మార్చాలి.

ఇక ఎత్తు. ఈ స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 170 మి.మీ., అందులో 30 తీసేస్తే మిగిలేది 140. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్ల మధ్య రాత్రికి రాత్రి వెలిసే దిమ్మెలు ఏ కొలతకూ లొంగవు, నలుగురు ఎక్కితే వాటి మీద బండి బొడ్డు గీసుకోవలసిందే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి ఇచ్చిన తీర్పు కూడా చదువుకోండి. తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలను మార్చేలా వాహనాన్ని సవరించకూడదని అందులో ఉంది.

నల్లమల దారి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న బండి ఎత్తించాను. ఎడమవైపు బుష్ సగం దాకా చీలి ఉంది, వేలు పెడితే దూరింది. ముందు ఎడమ టైరులో గాలి 24 పీఎస్‌ఐ మాత్రమే ఉంది. ఇన్నాళ్లూ చూసుకోనందుకు సిగ్గుపడ్డాను. రెండు ఆర్మ్‌ల బుష్‌లు, ముందు షాకుల జత మార్పించి అలైన్‌మెంట్ చేయించాను. ఇవాళ ఉదయం దోమలపెంట దిగుడులో ముక్కు చెప్పిన మాట వింది. ఒరుగు మాత్రం దాదాపు అలాగే ఉంది.

ట్రాక్ పిచ్చి:
చూశారా, ఒరుగు పోలేదు! అందుకే స్ప్రింగులన్నాను.

నల్లమల దారి:
పోలేదండీ. కానీ ఇప్పుడది నన్ను భయపెట్టడం లేదు. స్ప్రింగుల డబ్బు టైర్లకు దాచుకుంటున్నాను.