లండన్ ఫ్లాట్ లీజు 80 ఏళ్లకు దిగిపోతోంది. ఇప్పుడే పెంచుకోవాలా, ఆగాలా?

కొబ్బరితోట_అంబాజీపేట (2025 మే)

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి, అల్లుడు కిందటేడు ఆగస్టులో లండన్ దక్షిణాన రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నారు. అమ్మాయి కాన్పుకొచ్చి మా ఇంట్లోనే ఉంది. అల్లుడొక్కడే అక్కడ ఆ కాగితాలతో కుస్తీ పడుతున్నాడు.

లీజు 2006 సెప్టెంబరు 29న మొదలైంది, 99 ఏళ్లకి. అంటే ఈ సెప్టెంబరు ఆఖరుకి 80 ఏళ్లే మిగులుతాయి. ఈలోగా ఫ్రీహోల్డర్, అంటే ఆ నేలా బిల్డింగూ ఎవరివో ఆయన, ఉత్తరం రాశాడు. 9 వేల పౌండ్లు కడితే లీజు 125 ఏళ్లు చేస్తాడట. పాత గడువు తీరేదాకా ఏడాదికి 250 పౌండ్ల గ్రౌండ్ రెంట్ మాత్రం కడుతూనే ఉండాలట. జవాబు నెలలో ఇవ్వాలట. మా వీధిలోనూ దేవుడి స్థలంలో ఇళ్లు కట్టుకుని ఏటా అద్దె కట్టేవాళ్లున్నారు కాబట్టి నేల ఒకరిది, గోడలు ఇంకొకరివి అంటే నాకు కొత్త కాదు. ఈ 80 గొడవే బుర్రకెక్కడం లేదు.

రెండేళ్లు ఓనరుగా ఉంటే గానీ పెంచమని అడిగే హక్కు లేదని అల్లుడి ఫ్రెండు అంటున్నాడు. డబ్బు సర్దాల్సింది నేను. కొబ్బరి దింపు డబ్బులు చాలవు. తోటలో కాస్త ముక్క అమ్మేయాలా అని ఇంట్లో ఒకటే టెన్షన్.

గట్టుమీద_గాలి

ఆగండి మాస్టారూ, తొందరెందుకు? 2024లో అక్కడ కొత్త చట్టం పాసయింది. 990 ఏళ్లు ఇస్తారు, మ్యారేజ్ వాల్యూ అని ఫ్రీహోల్డర్‌కి అదనంగా కట్టేది కూడా ఎత్తేస్తారు. రూపాయి ఖర్చు పెట్టకుండా కూర్చోండి.

భీమవరం_టు_క్రాయిడన్

పై ఆయన చెప్పింది సగమే నిజం. చట్టం పాసయిన మాట వాస్తవమే గానీ ఆ 990 ఏళ్లూ, మ్యారేజ్ వాల్యూ రద్దూ ఇంకా అమల్లోకి రాలేదు. ఫ్రీహోల్డర్లు దానిమీద కోర్టుకి కూడా వెళ్లారు. అమల్లోకి వచ్చిన ముక్క ఒకటుంది, అది మీకు పనికొస్తుంది. రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది. ఫ్రెండు గారిది పాత సమాచారం.

ఇక 80 సంగతి. లీజు పెరిగితే ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, 80 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ మిగిలి ఉంటే ఆ పెరిగినదాంట్లో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. మ్యారేజ్ వాల్యూ అంటే అదే. 80కి పైన ఒక్కరోజున్నా అది లేదు. లెక్క కట్టేది సెక్షన్ 42 నోటీసు, అంటే లీజు పెంచమని మనం ఫ్రీహోల్డర్‌కి చట్టప్రకారం ఇచ్చే నోటీసు, ఇచ్చిన తేదీకి. బేరం తర్వాత ఏడాది సాగినా తేదీ మారదు. అంటే సెప్టెంబరులోపు నోటీసు ఇస్తే మీకు మ్యారేజ్ వాల్యూ ఎలాగూ పడదు. మరి దాన్ని ఎప్పుడో రద్దు చేస్తారని ఆగడం దేనికి? ఆగి, గీత దాటాక చట్టం ఇంకా రాకపోతే నష్టం మీదే.

ఆ ఉత్తరం నాకు నచ్చలేదు. ఆ నోటీసుతో 1993 చట్టం ప్రకారం అడిగితే ఉన్నదానిమీద 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ ఆ రోజు నుంచే సున్నా. ఆయన ఇచ్చేది నలభై చిల్లర ఏళ్లు, పైగా 250 అలాగే ఉంచుతున్నాడు. నెల గడువు ఆయన పెట్టుకున్నది, చట్టంలో లేదు.

మా ఫ్లాట్‌కి మేం నోటీసులో 11,500 పౌండ్ల ధర వేశాం. జవాబివ్వడానికి వాళ్లకి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. వాళ్ల కౌంటర్ నోటీసు గడువు ముందురోజు పోస్టులో వచ్చింది. మొదటి పేజీలో మీ హక్కు ఒప్పుకుంటున్నాం అని ఒక్క లైను, కింద 19,000 అని అంకె. ధర కట్టే మా వాల్యూయరు, వాళ్ల వాల్యూయరు కొట్టుకుని 13,800 దగ్గర తెగింది. తెగకపోతే కౌంటర్ నోటీసు వచ్చిన రెండు నెలల తర్వాత, ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ఆ ఆరు నెలలూ దాటనిస్తే నోటీసు పోయినట్టే, మళ్లీ ఏడాది దాకా ఇవ్వడానికి లేదు. వాళ్ల లాయరు ఫీజు, వాల్యుయేషన్ ఫీజు కూడా మనమే కట్టాలి. ఇదే నాకు ఒళ్లు మండే రూలు.

నోటీసులో తప్పులుంటే చెల్లకుండా పోవచ్చు. ఈ పని బాగా తెలిసిన సొలిసిటర్‌కే ఇవ్వండి, సెప్టెంబరు చివరి వారం దాకా లాగకండి. ముందు లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వాళ్ల సైట్ చూడమనండి. ప్రభుత్వ సంస్థ, సలహా ఉచితం.

కాకినాడ_ఆడిటర్

తోట ముక్క జోలికి ఇప్పుడే పోకండి. నోటీసు ఇచ్చాక వాళ్లు అడిగితే కట్టాల్సింది మనం వేసిన ధరలో పదో వంతు, అది 250 పౌండ్లకి తక్కువైతే 250. మిగతాది బేరం తెగి లీజు రాసుకునేటప్పుడు. ఇక్కణ్ణుంచి పంపేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి మనిషికి 10 లక్షల దాకా టీసీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, లేదు, ఆపైన 20 శాతం పట్టుకుంటారు. రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. మీరు కొంత, మీ ఆవిడ గారు తన ఖాతాలో సొంత డబ్బుంటే కొంత పంపండి.

కొబ్బరితోట_అంబాజీపేట

చాలా థాంక్సండి. ఆ ఉత్తరానికి జవాబివ్వొద్దని అల్లుడికి చెప్పేశాను, సొలిసిటర్‌ని చూస్తున్నాడు. ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉంది. నోటీసు మీద సంతకానికి అమ్మాయి పచ్చి బాలింతగా విమానం ఎక్కాలా?

భీమవరం_టు_క్రాయిడన్

అబ్బే, అక్కర్లేదండి. 2014 నుంచి ఇంగ్లండులో ఆ నోటీసు మీద మన తరఫున లాయరు సంతకం పెట్టొచ్చు. చివర్లో కొత్త లీజు మీద మాత్రం ఇద్దరూ పెట్టాలి. అప్పటికి అమ్మాయి మీ దగ్గరే ఉంటే ఆ కాగితం కొరియర్‌లో అంబాజీపేటకే తెప్పించుకోండి. సాక్షి ముందు సంతకం చేయాలి. సాక్షిగా మీరు కాకుండా పక్కింటి వాళ్లెవరైనా అయితే ఏ పేచీ ఉండదు.