‘గిప్పర్ కోసం ఒక్కటి గెలవండి’: నూట్ రాక్నీ సినిమా జీవితకథేనా, కోచ్ కట్టుకథకు కొనసాగింపా?

సెకండ్‌షో:
1940లో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘నూట్ రాక్నీ, ఆల్ అమెరికన్’ను క్లాసిక్ అంటారు. 1997లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో కూడా చేర్చారు. ఇండియానాలోని నోటర్‌డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ కథ. మన ఫుట్‌బాల్ కాదు, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. కోచ్ రాక్నీగా పాట్ ఓబ్రయన్, స్టార్ ప్లేయర్ జార్జ్ గిప్‌గా రోనాల్డ్ రీగన్. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఆ రీగనే.

నా పేచీ ఒక్క సీనుతో. గిప్ 1920 డిసెంబరులో గొంతు ఇన్ఫెక్షన్, న్యుమోనియాతో పాతికేళ్లకే పోయాడు. సినిమాలో చనిపోయే ముందు మంచం మీద నుంచి కోచ్‌తో అంటాడు: ఎప్పుడైనా జట్టు కష్టాల్లో ఉంటే, గిప్పర్ (అతని ముద్దుపేరు) కోసం ఈ ఒక్కటి గెలవమని చెప్పండి అని. కోచ్ ఆ మాటను ఎనిమిదేళ్లు కడుపులో దాచుకుని, 1928 నవంబరు 10న యాంకీ స్టేడియంలో ఆర్మీతో (వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టు) మ్యాచ్ రోజు బయటపెడతాడు. కుర్రాళ్లు 12-6తో గెలిచేస్తారు.

రాక్నీ ఆ రోజు జట్టుకు గిప్ మాట చెప్పడం నిజమే. కానీ గిప్ ఆ మాట అన్నాడనడానికి రాక్నీ చెప్పింది తప్ప గట్టి ఆధారం లేదు. పైగా ఇలాంటివి ఆయనకు అలవాటు. 1922లో జార్జియా టెక్‌తో మ్యాచ్‌కి ముందు, తన కొడుకు బిల్లీ ఆస్పత్రిలో ఉన్నాడని, నాన్న జట్టు గెలవాలని టెలిగ్రామ్ పంపాడని గొంతు పూడుకుపోతుండగా చదివి వినిపించాడు. కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడి గెలిచారు. తిరిగొచ్చి రైలు దిగేసరికి, స్వాగతం చెప్పే గుంపులో బిల్లీ నిక్షేపంగా గెంతుతూ కనిపించాడట. ఆ జట్టులో ఆడిన జిమ్ క్రౌలీయే తర్వాత చెప్పుకున్న సంగతి ఇది.

అలాంటి మనిషి కథ తీస్తూ, గిప్ చివరి మాటల సీనును దగ్గరుండి విన్నట్టు తీయడం న్యాయమేనా?

పీఈటీ సార్:
స్కూలు పిల్లలతో కబడ్డీ, ఖోఖో ఆడించే ఉద్యోగం నాది. నా ఓటు రాక్నీకే. టెన్షన్‌తో బిగుసుకుపోయిన పిల్లలకు హాఫ్‌టైమ్‌లో చెప్పే మాటకు ఆధార్ కార్డు అడుగుతారా ఎవరైనా?

ఆ మ్యాచ్ ఎలా సాగిందో కూడా చెప్పండి మరి. హాఫ్‌టైమ్‌కి 0-0. తర్వాత ఆర్మీ ముందు స్కోరు చేసింది. మన నోటర్‌డామ్ కుర్రాడు జాక్ షెవిన్యీ గీత దాటి 6-6 చేశాడు. చివర్లో రాక్నీ జానీ ఓబ్రయన్ అనే కుర్రాణ్ని లోపలికి పంపాడు. అతను గెలుపు క్యాచ్ పట్టాడు, వెంటనే బయటికి వచ్చేశాడు. ‘వన్ ప్లే ఓబ్రయన్’ అనే పేరు అలాగే నిలిచిపోయింది. ఇదేమీ రాక్నీ అల్లింది కాదు కదా!

మిడ్‌వెస్ట్ తెలుగోడు:
గిప్పర్ సీను కనీసం అనుమానం కిందికి వస్తుంది. నాకు చిరాకు తెప్పించేది అంతకుముందు వచ్చే భాగం. 1913లో రాక్నీ, అతని స్నేహితుడు గస్ డోరే వేసవంతా ఈరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్‌లో పనిచేస్తూ, ఖాళీ దొరికితే ఇసకలో పాస్‌లు ప్రాక్టీస్ చేశారు. ఆ శీతాకాలం ముందే వెస్ట్ పాయింట్ వెళ్లి ఆర్మీని 35-13తో చిత్తు చేశారు. ఇంతవరకు ఖాయం. కానీ సినిమా చూసినవాడు, బంతిని ముందుకు విసరడం వీళ్లే కనిపెట్టారనుకుని బయటికొస్తాడు. ఆ పాస్ 1906 నుంచే రూల్స్‌లో ఉంది. సెయింట్ లూయిస్ జట్టు ఆ ఏడే వాడింది.

ఇంకోటి. ఆటగాళ్లు కలిసికట్టుగా స్థానాలు మారే ‘షిఫ్ట్’ ఐడియా రాక్నీకి కోరస్ డాన్సర్లను చూస్తే తట్టిందట! అలాంటి షిఫ్ట్‌లు ఆయనకంటే ముందే ఉన్నాయి. తమాషా ఏంటంటే, అందులో మార్గదర్శి అయిన పెద్దాయన ఆమోస్ అలొంజో స్టాగ్ ఈ సినిమాలో స్వయంగా కనిపిస్తాడు. పాపం, ఆయనకు ఆ డాన్సర్ల సీను చూపించారో లేదో.

బాల్కనీ టికెట్:
మీరంతా కొమ్మలు పట్టుకుని వేలాడుతున్నారు. ఈ సినిమా రాక్నీ భార్య బానీ, యూనివర్సిటీ ఇద్దరూ సరేనంటేనే పట్టాలెక్కింది. రాక్నీ వేషానికి స్టూడియో దృష్టిలో నటుడు జేమ్స్ కాగ్నీ ఉంటే యూనివర్సిటీ ఒప్పుకోలేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో అతను రిపబ్లికన్ల పక్షం వహించాడని అభ్యంతరం. హీరోను ఎంచుకునే అధికారం కాలేజీ చేతిలో ఉంటే అందులో నిజం ఎంత మిగులుతుంది? కొడుకే తండ్రి వేషం వేసిన బయోపిక్ చూసినవాళ్లం, మనకు ఇది విడమరిచి చెప్పాలా?

అసలు గిప్ ఎలాంటివాడో చూడండి. పేకాట, బిలియర్డ్స్ పందేలతో జేబు నింపుకునేవాడు. క్లాసులు ఎగ్గొట్టి 1920 వసంతంలో కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యాడు, ఆట కోసం మళ్లీ చేర్చుకున్నారు. అబ్బ, ఎంత మంచి పాత్ర! రీగన్ చేతిలో అతను బుద్ధిమంతుడై కూర్చున్నాడు.

సెకండ్‌షో:
బాల్కనీ గారూ, గిప్ విషయంలో మీతో వంద శాతం. కానీ సినిమా మొత్తం కాలేజీ ప్రచారమే అంటే ఒప్పుకోను. రాక్నీ నార్వేలో పుట్టి, ఐదేళ్లకు చికాగో వచ్చి, పోస్టాఫీసులో పనిచేసి డబ్బు దాచుకుని ఇరవై రెండేళ్లకు కాలేజీలో చేరిన కుర్రాడు. కెమిస్ట్రీ చదువు. కృత్రిమ రబ్బరుకు దారి వేసిన ఫాదర్ న్యూలాండ్ దగ్గర ల్యాబ్‌లో సహాయకుడు. కెమిస్ట్రీయా, ఫుట్‌బాలా అని అతను నలిగిపోయే సీన్లు నాకు గిప్పర్ సీను కంటే బాగా నచ్చాయి, ఎవరూ వాటి గురించి మాట్లాడరు గానీ.

నేను అడిగేది ఒకటే. ఆ మాట నిజమో కాదో కోచ్‌కి తప్ప ఎవరికీ తెలియని స్థితిని తెర మీద పెట్టొచ్చు కదా? మంచం సీను తీసేసి, ప్రసంగం ఒక్కటే ఉంచితే చాలు. పాట్ ఓబ్రయన్ అంత నటుడు, ఆ ముఖంలో అనుమానానికి చోటు దొరికేది.

మిడ్‌వెస్ట్ తెలుగోడు:
గెలుపు మంత్రం ఒక్క మధ్యాహ్నమే పనిచేసిందని కూడా గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత కార్నెగీ టెక్ చేతిలో, సదరన్ కాలిఫోర్నియా చేతిలో ఓడారు. 1928లో మొత్తం 5 గెలుపులు, 4 ఓటములు. పదమూడు సీజన్లలో 105 మ్యాచ్‌లు గెలిచి 12 మాత్రమే ఓడిన కోచ్‌కి అదే అన్నిటికంటే చెడ్డ ఏడాది.

పీఈటీ సార్:
చెడ్డ ఏడాది కాబట్టే ఆ మాట తీశాడు! రీగన్ ప్రెసిడెంట్ అయ్యాక 1981లో నోటర్‌డామ్ స్నాతకోత్సవానికి వెళ్లి ఇదే వాదించాడు. రాక్నీ కావాలనుకుంటే ఏ మ్యాచ్‌కైనా వాడుకోగలిగి ఉండేవాడు, అయినా ఎనిమిదేళ్లు ఆగాడు అని.

బాల్కనీ టికెట్:
గిప్ వేషం వేసినవాడే గిప్ తరఫున సాక్ష్యం! బాగుంది.

సెకండ్‌షో:
ఆ ఎనిమిదేళ్ల వాదనే నాకు మింగుడుపడదు సార్. 1922 నాటికి గిప్ పోయి రెండేళ్లు. నిజంగా అతని ఆఖరి కోరిక చేతిలో ఉంటే, బిల్లీకి లేని జబ్బు అంటగట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

పీఈటీ సార్:
ఉంది కాబట్టే కదండీ. అసలైనదాన్ని దాచి పెట్టుకుని, జార్జియా టెక్ మీదికి నకిలీది వదిలాడు.