ఆలస్యమైన పనికి మనుషుల్ని పెంచితే తొందరవుతుందా?

సైట్‌బాబు, పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. ఒడిశాలో ఆర్.ఉదయగిరి వైపు ఒక ఊళ్లో మంచినీళ్ల ఓవర్‌హెడ్ ట్యాంకు కడుతున్నాం. సైటు చూసేది నేను. జూన్ ఆఖరుకి పునాదులు, కాలమ్స్ అయిపోవాలని ఆఫీసు కాగితంలో ఉంది. అవలేదు. గోతుల తవ్వకం సరిగ్గా రజో పండగలో పడింది. ఆ మూడు రోజులూ ఇక్కడ భూమిలో గునపం దించరు. తర్వాత వానలు, వెంటనే వరినాట్లు. మా సవర కూలీల్లో సగంమంది పొలాలకెళ్లిపోయారు. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి ఇంకో ఇరవై మందిని పంపుతామంటున్నారు. వద్దన్నాను. "నీకు టీమును నడపడం చేతకాదు" అన్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఈ దశలో మనుషుల్ని కలిపితే పని ముందుకెళ్తుందా?

పాత ఓవర్సీరు, జయపురం
బాబూ, రజో ఏటా జూన్ మధ్యలోనే వస్తుంది. నిన్న పుట్టిన పండగ కాదు. మనుషుల్నిస్తామంటే వద్దన్నవాణ్ణి నా సర్వీసు మొత్తంలో చూళ్లేదు. 1964 డిసెంబరు తుపానుకి పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోయింది. బాగుచెయ్యడానికి రైల్వే ఆరు నెలలనుకుంటే, పై అధికారి మూడు నెలలకి కుదించాడు. రైల్వే ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో చేసి చూపించాడు. అప్పటికాయన వయసు ముప్పై రెండు. గడువంటే గడువే. ఒకడు పగ్గం పట్టాలి, మిగతావాళ్లు వినాలి. నాకు తెలిసిన మేనేజ్‌మెంటు ఇంతే.

బరంపురం అమ్మాయి
ఓవర్సీరుగారూ, ఐబీఎంలో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకి పని చెప్పాల్సింది పాతవాళ్లే కదా, ముందు వాళ్ల చేతులు ఆగుతాయి. పైగా ఐదుగురున్నచోట ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమందైతే 45. నేను భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా ప్రాజెక్టు వెనకబడిందని కొత్తవాళ్లని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. నేర్పడంతోనే సరిపోయింది నాకు. ఏడాది చివర అప్రైజల్లో నాకు రాసిందేంటో తెలుసా? "అవుట్‌పుట్ తగ్గింది."

కాశీనగర్ కంట్రాట్
బిల్లులు టైముకి పడితే మనుషులు వాళ్లే వస్తారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరేం?

పాత ఓవర్సీరు, జయపురం
అమ్మా, ఇది కంప్యూటరు కాదు, కాంక్రీటు. తట్ట మోసేవాడికి ట్రైనింగ్ ఏమిటి? ఇరవై మంది వస్తే ఇరవై తట్టలు లేస్తాయి.

సైట్‌బాబు, పర్లాకిమిడి
మట్టిపనికైతే మీ మాట నిజమే సార్. ఇప్పుడు మిగిలింది కాలమ్స్, వాటిని కలిపే అడ్డబీములు, అంటే బ్రేసులు. ఉన్నది ఒక మిక్సరు, ఒక వైబ్రేటరు. రాడ్డు కట్టడం వచ్చినవాళ్లు నలుగురు. మిగతావాళ్లు చెట్టుకింద కూర్చుంటారు, సాయంత్రం మస్టర్లో, అంటే హాజరుపట్టీలో, సంతకం నేను పెట్టాలి. సెంట్రింగ్ సంగతి సరేసరి. ఆరు మీటర్లలోపు బీముకి 14 రోజులు, దాటితే 21 రోజులు కింద సపోర్టులు తియ్యకూడదని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456లో ఉంది. క్యూరింగ్, అంటే నీళ్లతో తడిపి ఉంచడం, మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, మేం వాడే పీపీసీ అనే మిశ్రమ సిమెంటుకి 10. ఇరవై మంది వచ్చినా రెండొందల మంది వచ్చినా ఆ రోజులు తగ్గవు కదా.

పాత ఓవర్సీరు, జయపురం
పది రోజులా! మా రోజుల్లో ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు పట్టేవాళ్లం. అందుకే ఆ కట్టడాలు ఇంకా నిలబడున్నాయి.

రాడ్డుపని రాయగడ
28 రోజులనేది క్యూబు, అంటే కాంక్రీటు దిమ్మ, బలం పరీక్ష సార్. క్యూరింగ్ లెక్క అది కాదు.

పాత ఓవర్సీరు, జయపురం
నాకు క్యూబు గురించి చెప్పకు. గోనెసంచులు కప్పి, తెల్లారకముందే నేనే వెళ్లి తడి చెయ్యిపెట్టి చూసేవాణ్ణి. మీరు వాట్సాప్‌లో ఫోటో పెట్టమంటారు. తడిసిన సంచి ఫోటో నిన్నటిదో మొన్నటిదో ఎవరికి తెలుసు?

రాడ్డుపని రాయగడ
ఫోటో మీద తేదీ ఉంటుంది.

పాత ఓవర్సీరు, జయపురం
తేదీ మార్చడం రాని కుర్రాడున్నాడా ఈ కాలంలో?

నౌపడా ప్యాసింజరు
ఇది క్యూరింగ్ చర్చ అయిపోయిందా? అయితే నాదీ ఒకటి. మన పర్లాకిమిడి చిన్న రైలు 2004లో ఆపేశారు. బ్రాడ్‌గేజి బండి గుణుపురం చేరేసరికి 2011. అక్కడ తక్కువైంది మనుషులా, గడువా?

గుణుపురం మేస్త్రి
నాను మేస్త్రిని. మా అల్లుడు టైపు సేస్తన్నాడు. ఏ సైటుకెల్లినా ఇదే కత. పండగెప్పుడో, నాట్లెప్పుడో, ఏ గెడ్డ పొంగితే లారీ రాదో మాకు తెల్సు. అడిగినోడు లేడు. అడక్కపోయినా సెప్తాం. "సరే సూద్దాం" అంటారు. రాసుకున్నోడు లేడు. పని ఆగినాక మాత్రం మమ్మల్నే తిడతారు, కూలీలు బద్ధకస్తులని.

పాత ఓవర్సీరు, జయపురం
మేస్త్రి సరైన చోట చెయ్యి పెట్టాడు. సైట్‌బాబూ, ఒక్కటే ప్రశ్న. ఈ జూన్ గడువు కుదరదని నీకు మే నెలలోనే తెలుసా, తెలీదా? తెలిస్తే రిపోర్టులో రాశావా?

సైట్‌బాబు, పర్లాకిమిడి
తెలుసు. రాశాను కూడా. రజో, నాట్లు, లారీ దారి, మూడూ విడివిడిగా రాశాను. పైవాళ్లకి వెళ్లిన కాగితంలో ఆ వరసలు లేవు. "పని సంతృప్తికరం" అని వెళ్లింది. ఎవరు తీశారో అడిగితే నన్నే ఎదురు కోపగించుకున్నారు.

పాత ఓవర్సీరు, జయపురం
మరి ఇంకెందుకు రాస్తావు? ఆ ఇరవై మందిని తీసుకో, మస్టరు వెయ్యి. పని అయితే అయింది, కాకపోతే "మీరిచ్చిన మనుషులతోనే చేశాను" అను. నోరు మూసుకుని పని చేసుకో.

బరంపురం అమ్మాయి
ఆహా! ఇంతసేపూ గడువు, క్రమశిక్షణ అన్నారు. అంటే మీ సిద్ధాంతం పని టైముకి అవడం గురించి కాదన్నమాట, పైవాడి చెవిలో చెడు కబురు పడకూడదని. ఇస్రోలో 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు మొదటి ప్రయోగం సముద్రంలో పడితే, ప్రాజెక్టు డైరెక్టరు కలాం గారైనా విలేకరుల ముందుకెళ్లింది అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులైలో గెలిచినప్పుడు కలాం గార్ని పంపించారు. నాయకత్వమంటే అది.

నౌపడా ప్యాసింజరు
వచ్చింది కలాం గారి కథ. ఇది చెప్పని ట్రైనింగు క్లాసు దేశంలో లేదు. మా హెచ్‌ఆర్ అయితే ప్రతి జనవరిలోనూ చెప్తుంది, ఫిబ్రవరిలో ఇంక్రిమెంటు కొయ్యడానికి ముందు.

పాత ఓవర్సీరు, జయపురం
అమ్మాయీ, ధావన్ లాంటివాడు పైన ఉంటే నేనూ నిజాలే రాసేవాణ్ణి. రాశాను కూడా. ఒక చెరువు గట్టు పనిలో మట్టి సరిగా కూరలేదని మెజర్‌మెంట్ బుక్కులో నా చేత్తో రాశాను. దాంతో మళ్లీ కూరారు, గట్టు నిలబడింది. నన్ను మాత్రం మల్కన్‌గిరి విసిరేశారు, ఇంక్రిమెంట్లు ఆపారు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. గట్టు దాటే ఏ రైతుకీ నా పేరు తెలీదు. నువ్వు కాదనుకుంటే హైదరాబాదులో ఇంకో కంపెనీ చూసుకుంటావు. ఈ బాబు ఎక్కడికెళ్తాడు? మాట్లాడ్డం తేలిక.

బరంపురం అమ్మాయి
మా ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే. నేనెక్కడికి వెళ్తానో తెలీకుండా అనకండి.
సరే, మీ శ్రీధరన్ దగ్గరికే వస్తాను. గడువు కుదించింది పైవాడే. కానీ ఎలా చెయ్యాలన్నది సైటులో ఉన్నాయనకి వదిలారు. సముద్రంలో పడిపోయిన గర్డర్లు వెతికించి, పైకి తీయించి మళ్లీ వాడారు. మద్రాసు ఆఫీసులో కూర్చుని ఎవరో గీసిచ్చిన పట్టీలో ఉన్న పని కాదది. మీరు 46 ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

పాత ఓవర్సీరు, జయపురం
నేనూ అదే అంటున్నాను! ఆయనకి పగ్గం ఇచ్చారు, కాబట్టి గడువు నెత్తిన వేసుకున్నాడు. ఈ బాబుకి ఏమిచ్చారు? బాబూ, చెప్పు, మిక్సరు పాడైతే అద్దెకి తేవడానికి నీకు పవరుందా?

సైట్‌బాబు, పర్లాకిమిడి
ఐదువేలు దాటితే ఫోన్ చెయ్యాలి సార్. ఆదివారమైతే ఎత్తరు.

పాత ఓవర్సీరు, జయపురం
చూశావా. అధికారం వాళ్లది, తిట్లు వీడివి. అలాంటిచోట నిజం రాసి వీడొక్కడే ఎందుకు చావాలి?

బరంపురం అమ్మాయి
రాయకపోతే ట్యాంకు ఆలస్యానికి రికార్డులో మిగిలే పేరు ఎవరిది? వీడిదే కదా. మీకు రాసినందుకు దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. రాయకపోయినా వీడికి తగులుతుంది. పైగా ఆ ఊరివాళ్లకి ఒక వేసవి నీళ్లు పోతాయి. వాళ్ల మాట ఇంతవరకూ మనం ఒక్కరం ఎత్తలేదు.

గుణుపురం మేస్త్రి
ఆ మాట బాగుంది.

సైట్‌బాబు, పర్లాకిమిడి
ఇరవై మందీ బయల్దేరిపోయారట, సోమవారం పలాసలో దిగుతారు. నలుగురిని రాడ్డుపనిలో మావాళ్ల కింద పెడతాను. మిగతావాళ్లని పైపులైను ట్రెంచి మీదికి పంపుదామనుకుంటున్నాను. అది పొడుగు పని, తలో ముక్క పంచితే ఎంతమందైనా పడతారు. ఆఫీసు ఫోన్లో సరేనంది.

కాశీనగర్ కంట్రాట్
ట్రెంచి కూలి ఎవరి ఖాతాలో రాస్తారు? ఫోన్లో సరే అంటే బిల్లు రోజున "మేమెప్పుడన్నాం" అంటారు. రాతలో తీసుకో.

పాత ఓవర్సీరు, జయపురం
రాతలో అడిగితే ఏమవుతుందో పైన చెప్పాను.

బరంపురం అమ్మాయి
అడుగు తమ్ముడూ. నువ్వు పంపే మెయిలు కాపీ నీ సొంత మెయిలుకి కూడా పెట్టుకో. మే నెల రిపోర్టులు కూడా.

పాత ఓవర్సీరు, జయపురం
మెయిలు సంగతి నాకు తెలీదు. మస్టరు, సిమెంటు రశీదులు జిరాక్సు తీయించి ఇంట్లో పెట్టుకో. సైటు షెడ్డులో కాదు.